‘బలగం’ ఏ గంపలోది?

2025 మే చివర్లో గద్దర్ అవార్డుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023 సినిమాలకు వరస పెట్టింది. మొదటిది ‘బలగం’, రెండోది ‘హనుమాన్’, మూడోది ‘భగవంత్ కేసరి’. ఆగస్టు 1న ఢిల్లీలో 71వ జాతీయ అవార్డులు ప్రకటించారు. ఉత్తమ తెలుగు చిత్రం ‘భగవంత్ కేసరి’. ‘హనుమాన్’కు యానిమేషన్, గ్రాఫిక్స్ విభాగంతో పాటు ఫైట్లకు అవార్డు. ‘బలగం’కు దక్కింది ‘ఊరు పల్లెటూరు’ పాట ఒక్కటే, అదీ రాసిన మన కాసర్ల శ్యామ్‌కు. సిరిసిల్ల నుంచి హన్మకొండ దాకా అవార్డుల మాటెత్తితే ఇప్పటికీ ఇదే తగువు.

దీని వేరు 1975లో ఉంది. ఆ ఏటి సినిమాల నుంచి ‘ఆరోగ్యకరమైన వినోదం అందించిన జనాదరణ చిత్రం’ అంటూ జాతీయ అవార్డుల్లో విడిగా ఒక స్వర్ణకమలం పెట్టారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ జ్యూరీ ముందు రెండు గంపలు తయారైనయి: గొప్పవి ఒకదాంట్లో, జనం మెచ్చినవి ఇంకోదాంట్లో. 27వ అవార్డుల్లో ‘శంకరాభరణం’ వినోదం గంపలో పడింది, ఉత్తమ తెలుగు చిత్రం మాత్రం ‘నగ్నసత్యం’. శాస్త్రీయ సంగీతమే ప్రాణంగా తీసిన సినిమా వినోదం కిందికెట్ల వచ్చిందో! ఆ గంప లేకుంటే దానికి ఆ స్వర్ణకమలమూ వచ్చేది కాదనేవాళ్లున్నారు.

2016లో రమేష్ సిప్పీ జ్యూరీ ఒక్కసారి ఆ గీత దాటింది. కత్తులు, కోటల ‘బాహుబలి’ని ఏకంగా దేశంలోనే ఉత్తమ చిత్రం చేసింది. 69వ అవార్డులకు ‘ఆర్ఆర్ఆర్’ మళ్లీ వినోదం గంపకే చేరింది. 70వ సారి గ్రాఫిక్స్, యానిమేషన్ కలిపి మరో గంప అల్లారు.

‘బలగం’తో వచ్చిన చిక్కేమిటంటే అది ఏ గంపలోనూ ఇమడదు. మొదట నవ్వులే. అప్పుల్లో మునిగిన పిల్లగాడు కట్నం మీద ఆశ పెట్టుకుంటే, నిశ్చితార్థం ముంగిట తాత పోతడు. మూడోనాడు పిట్ట ముట్టదు. అక్కడి నుంచి నవ్వు ఇంకుకుంట పోయి, ఆఖరికి మన దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మల బుడిగ జంగాల పాటకు ఇల్లంతా ఏడుస్తది. కామెడీ అందామా, చావింటి కథ అందామా? ఊళ్లల్లో తెరలు కట్టుకొని చూసినోళ్లకు ఆ పట్టింపు లేదు.

గద్దర్ అవార్డుల్లో 2014–23 సినిమాలకు ఈ గంపల గోలే లేదు, ఏడాదికి మూడేసి చొప్పున వరస అంతే. 2024 సినిమాల దగ్గరికొచ్చేసరికి ఇక్కడా వినోదం విభాగం తెరిచారు. అది ‘ఆయ్’కు ఇచ్చారు.