పీడీ సారు వేసిన ముగ్గు

కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్, అంటే ఆటలు నేర్పే సారు) పోస్టు ఖాళీగా ఉంటే ఏం మునిగిపోతుంది, పరీక్షలేమీ ఆగవుగా అని మా బ్యాచ్‌వాడే ఒకడు అన్నాడు. వాడికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మా తాతల కాలంలో పీడీని డ్రిల్లు మాస్టారు అనేవాళ్లు. పేరుకు తగ్గట్టే లెఫ్ట్ రైట్ కవాతు, అంతే. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాక గానీ, ఆటలు నేర్పడం కూడా చదువుకుని చేయాల్సిన పనేనని మన దక్షిణాదిలో పెద్దగా తెలిసిరాలేదు. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వచ్చింది, కోచ్ కావాలంటే అక్కడి డిప్లొమా ఉండాలన్నారు. కాగితం మీద కోచ్ వేరు, పీడీ వేరు. కాలేజీలో మాత్రం ఇద్దరూ ఆయనే, ఒక్కోసారి గ్రౌండు ఊడ్చేదీ ఆయనే. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2010 నిబంధనల్లో ఈ ఉద్యోగానికి ఫిట్‌నెస్ టెస్టు కూడా పెట్టింది: 30 ఏళ్లలోపు మగవాళ్లయితే 12 నిమిషాల్లో 1800 మీటర్లు వెళ్లి చూపించాలి. (ఫిజిక్స్ లెక్చరర్‌ని ఎవరూ పరుగెత్తమనరు. స్టాఫ్‌రూమ్‌లో మంచి కుర్చీ మాత్రం ఆయనదే.)

మా పీడీ సార్ పొద్దున్న 5 గంటలకే గ్రౌండులో ఉండేవారు. స్పోర్ట్స్ మీట్ దగ్గరపడితే మేకులు, పురికొస, సున్నం డబ్బా పట్టుకుని వంగి ట్రాక్ గీసేవారు, ఆడపిల్లలు "సార్ ముగ్గేస్తున్నారే" అని నవ్వేవాళ్లు. లేను (ఒక్కొక్కరు పరుగెత్తే దారి) వెడల్పు 1.22 మీటర్లు, బెత్తెడు తేడా వచ్చినా చెరిపేసి మళ్లీ గీయడమే. కొనడానికి డబ్బులివ్వకపోతే మా విశాఖ కంచరపాలెంలో తెలిసిన వెల్డరు చేత పాత పైపులతో హర్డిల్స్ (పరుగులో దూకి దాటే అడ్డుచట్రాలు) చేయించుకొచ్చారు. ఎత్తు 83.8 సెంటీమీటర్లు ఉండాలని టేపు పట్టుకుని అక్కడే నిలబడ్డారట. వానాకాలం గ్రౌండు బురదైపోతే ఆర్కే బీచ్ ఇసకలో పరుగెత్తించేవారు, పిక్కలు పట్టేసి మేం తిట్టుకునేవాళ్లం.

ఈ పనంతా ఎక్కడికి చేరుతుందో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి కథలో కనిపిస్తుంది. పొడగరి పిల్ల, హర్డిల్స్‌కి పనికొస్తుందని మొదట కనిపెట్టింది బళ్లో ఆటల టీచరు, అదే పీఈటీనే. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత యూనివర్సిటీల మీట్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అనురాధ బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డు 13.38. అయినా లెక్కలోకి తీసుకోలేదు! నిషేధ మందులేవీ వాడలేదని తేల్చే డోప్ టెస్టు జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ తరఫున పోటీని పర్యవేక్షించే టెక్నికల్ డెలిగేటూ లేరు. 2022 మేలో సైప్రస్‌లో 13.23తో గానీ ఆ రికార్డు ఆమె పేరు మీదకు రాలేదు. మరుసటి ఏడాది చైనాలోని చెంగ్డూలో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కాంస్యం, 2024లో పారిస్ ఒలింపిక్స్. నాకైతే పతకాలకంటే మూడబిద్రి సంగతే ఎక్కువ గుర్తుంటుంది. క్యాంపస్ ఆటలంటే మనవాళ్లకి ఇంకా సాంస్కృతిక కార్యక్రమాల లెక్కే మరి.

మా సార్ రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరినీ వేయలేదు. కామర్స్ లెక్చరర్‌కి అదనపు బాధ్యత ఇచ్చారు, పాపం ఆయన మంచివాడే, విజిల్ ఊదడం కూడా ఇబ్బందిగా ఉంటుంది ఆయనకి. ఇనప హర్డిల్స్ ఇప్పుడు సైకిల్ స్టాండుకి అడ్డకట్ట. పోయినసారి మీట్ ముందు రోజు పిల్లలు సున్నం పోయబోయి, బయటి లేన్ల చుట్టు పొడవెక్కువ కాబట్టి 400 మీటర్లకి ఏ లేనులో మొదలుపెట్టే గీత ఎంత ముందుకు జరపాలో తెలీక, నంబరు పట్టుకుని పెదవాల్తేరులో ఉన్న సార్‌కి ఫోన్ చేశారు. భోజనం చేస్తున్నారట.

"రెండో లేను 7.04 మీటర్లు, మూడోది 14.71. అక్కణ్నుంచి ప్రతి లేనుకీ 7.67 కలుపుకుంటూ పోండి. ఆగండి, టేపు ఎవరు పట్టుకున్నారు? వంకరగా పట్టుకోకండ్రా, నేనొస్తున్నా" అన్నారట.