ఒక్క రోజులో డెబ్బై స్థానాలు: మైకేల్ శామ్ పేరు మళ్లీ ఎందుకు వినిపిస్తోంది

జాన్ గ్రూడెన్ ఈమెయిళ్లు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ తన పాత మెయిళ్లను కావాలనే బయటపెట్టి తన ఉద్యోగం పోగొట్టిందన్నది ఈ మాజీ కోచ్ ఆరోపణ. లీగ్ దాన్ని ఒప్పుకోవడం లేదు. ఈ తగాదాను లీగ్ సొంత మధ్యవర్తిత్వంలో తేల్చుకోనక్కర్లేదని, న్యాయస్థానంలోనే నడిపించవచ్చని నెవాడా సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది. దాంతో ఆ మెయిళ్లలోని ఒక మాట మీద పాత గాయం మళ్లీ రేగింది. స్వలింగ ప్రియులను జట్టులోకి తీసుకోమని అప్పట్లో సెయింట్ లూయిస్‌లో ఉన్న రామ్స్ జట్టు కోచ్ జెఫ్ ఫిషర్ మీద లీగ్ కమిషనర్ ఒత్తిడి తేవడం తప్పని గ్రూడెన్ అందులో రాశాడు. వాడిన పదం ఇక్కడ రాయదగినది కాదు. అది ఎవరి గురించో అందరికీ తెలుసు: 2014లో ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టబోతూ తాను గేనని బహిరంగంగా చెప్పిన కళాశాల ఆటగాడు మైకేల్ శామ్.

శామ్‌కు ఆట చాలక తలుపులు మూసుకున్నాయా, గే అని చెప్పుకున్నందుకు మూసుకున్నాయా? పన్నెండేళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇదే. 1975లో, ఆట మానేశాక, తాను గేనని నోరు విప్పిన ఎన్ఎఫ్ఎల్ ఆటగాడు డేవిడ్ కోపే దగ్గరి నుంచి ఈ చరిత్రను చాలామంది రాశారు. టెక్సస్‌లో శామ్ గడిపిన కష్టాల బాల్యం గురించీ కావలసినంత రాశారు. నా దృష్టిలో అసలు సంగతి అంతా 2013 ఆగస్టుకూ 2014 ఫిబ్రవరికీ మధ్య ఉన్న ఆరు నెలల్లోనే ఉంది.

2013 ఆగస్టులో మిజోరీ విశ్వవిద్యాలయం జట్టు కొత్త సీజన్‌కు సిద్ధమవుతోంది. ఆటగాళ్లు ఒకరినొకరు తెలుసుకోవాలని కోచ్‌లు వాళ్లను చిన్నచిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. ఎక్కడ పెరిగావు, మిజోరీకి ఎందుకు వచ్చావు, నీ గురించి మాకు తెలియనిది ఏమిటి అన్నవే ప్రశ్నలు. శామ్ వంతు వచ్చింది. చేతిలోని కాగితాన్ని ఉండగా నలుపుతూ, తాను గేనని చెప్పాడు. జట్టులో కొందరికి అప్పటికే తెలుసు, కొందరికి అప్పుడే తెలిసింది.

ఆ తరువాత ఏం జరిగిందన్నదే ఈ కథకు ఆయువుపట్టు. అంతకుముందు ఏడాది ఆ జట్టు 5 మ్యాచులు గెలిచి 7 ఓడింది. సహచరుడు గే అని తెలిసి ఆడిన 2013 సీజన్‌లో 12 గెలిచి రెండే ఓడింది. దేశంలోనే కళాశాల ఫుట్‌బాల్‌కు అత్యంత కఠినమైన కాన్ఫరెన్స్‌గా (విశ్వవిద్యాలయ జట్ల కూటమిగా) పేరున్న ఎస్ఈసీలో తూర్పు విభాగం గెలిచింది. సీజన్ చివర జరిగే కాటన్ బౌల్ మ్యాచ్‌లో ఒక్లహోమా స్టేట్‌ను 41–31తో ఓడించింది. ఆ మ్యాచ్ చివరి నిమిషాల్లో శామ్ ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) చేతిలోంచి బంతి జారేలా చేశాడు. సహచరుడు దాన్ని అందుకుని పరుగెత్తి పాయింట్లు చేయడంతో గెలుపు ఖాయమైంది. ఆ సీజన్‌లో శామ్ 11.5 సాక్‌లు సాధించాడు. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని సాక్ అంటారు. ఎస్ఈసీలో ఆ ఏడాది అంతకు మించి ఎవరూ చేయలేదు. కాన్ఫరెన్స్ ఉత్తమ రక్షణ ఆటగాడిగా ఎంపికయ్యాడు. కోచ్‌ల ఓటింగ్‌లో ఆ గౌరవాన్ని అలబామా ఆటగాడు సి.జె. మోస్లీతో పంచుకున్నాడు.

ఇంకో సంగతి. వంద మందికి పైగా ఉండే లాకర్ రూమ్ అది. ఫోను చేతిలో లేని కుర్రాడు అందులో ఒక్కడూ ఉండడు. అయినా నెలల తరబడి ఆ మాట పత్రికలకు ఎక్కలేదు. కోచ్ గ్యారీ పింకెల్ గానీ ఆటగాళ్లు గానీ ఎవరూ దాన్ని బయటకు పొక్కనివ్వలేదు.

మరి శామ్ ఎందుకు బయటపెట్టాడు? ప్రచారం కోసమే అన్నవాళ్లున్నారు. కానీ 2014 జనవరిలో, కళాశాల చదువు ముగించే ఆటగాళ్లను ఎన్ఎఫ్ఎల్ జట్లు చూసుకునే సీనియర్ బౌల్ మ్యాచ్ జరిగిన చోట పరిస్థితి వేరుగా ఉంది. విషయం విలేకరులకు, జట్ల తరఫున ఆటగాళ్లను అంచనా వేయడానికి వచ్చిన స్కౌట్లకు అప్పటికే చేరింది. అతనికి స్నేహితురాలు ఉందా అని అతని ఏజెంట్లను ఆరా తీస్తున్నారు. ఎవరో ఒకరు రాసేలోపు తన కథ తనే చెప్పుకోవాలని అతను నిర్ణయించుకున్నాడు. ఫిబ్రవరి 9న న్యూయార్క్ టైమ్స్‌కు, క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలు వెలువడ్డాయి. తప్పించుకోలేని పరిస్థితిలో తల ఎత్తుకుని నిలబడటాన్ని ప్రచార కాంక్ష అనడం అన్యాయం.

కళాశాల ఆటగాళ్లను ఎన్ఎఫ్ఎల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏటేటి ప్రక్రియను డ్రాఫ్ట్ అంటారు. మర్నాటికి సీబీఎస్ స్పోర్ట్స్ డ్రాఫ్ట్ అంచనాల పట్టికలో అతని స్థానం 90 నుంచి 160కి పడిపోయింది. మధ్యలో మ్యాచ్ లేదు, గాయం లేదు, పరుగు పరీక్ష కూడా లేదు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్‌తో మాట్లాడిన జట్ల అధికారులు, కోచ్‌లు పేర్లు చెప్పకుండానే తీర్పు చెప్పేశారు. లాకర్ రూమ్ ఇంకా ఇందుకు సిద్ధంగా లేదన్నారు, జట్టు ధ్యాస చెదురుతుందన్నారు. అలా ధ్యాస చెదురుతుందన్న జట్టు ఎలా ఆడుతుందో మిజోరీ అప్పటికే ఒక సీజన్ మొత్తం ఆడి చూపించింది. ఆ రుజువును వాళ్లెవరూ లెక్కలోకి తీసుకోలేదు. వారం తిరగకుండానే శామ్‌కు వ్యతిరేకంగా ఒక మత బృందం మిజోరీకి వచ్చింది. వందల మంది విద్యార్థులు గడ్డకట్టే చలిలో చేతులు కలుపుకుని వాళ్లకు అడ్డుగా గోడలా నిలబడ్డారు.

అవతలి వాదనలో నిజం లేదని కాదు. ఆ నెలాఖరున ఇండియానాపొలిస్‌లో డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల శరీర దారుఢ్యాన్ని పరీక్షించే కంబైన్‌లో 40 గజాలు పరుగెత్తడానికి అతనికి 4.91 సెకన్లు పట్టింది. ఆ స్థానానికి అది నెమ్మది. ఆరడుగుల రెండంగుళాలకు కాస్త తక్కువ ఎత్తు, 261 పౌండ్ల బరువు. రక్షణ వరుస అంచున నిలిచే డిఫెన్సివ్ ఎండ్‌గా చూస్తే చిన్నవాడు, ఆ వరుస వెనక నిలిచే లైన్‌బ్యాకర్‌గా చూస్తే చురుకు చాలనివాడు. సాక్‌లలో ఎక్కువ భాగం మూడు మ్యాచుల్లోనే వచ్చాయి. మొదటి రౌండు ఆటగాడు కాదన్నది సబబే. కానీ ఆ పరుగు సమయం ఆ 70 స్థానాలు పోయాక తీసినదే.

మే 10న, మొత్తం 256 ఎంపికల్లో 249వదిగా రామ్స్ అతని పేరు చదివింది. అవార్డు పంచుకున్న మోస్లీ 17వ ఎంపికగా వెళ్లాడు. ఈఎస్‌పీఎన్ కెమెరాలో శామ్ ఏడుస్తూ తన ప్రియుడిని ముద్దుపెట్టుకున్నాడు. అతని ఆట మీద కన్నా ఆ ముద్దు మీదే ఎక్కువ చర్చ నడిచింది. జులైలో మాజీ కోచ్ టోనీ డంగీ, తానైతే అతన్ని తీసుకునేవాడిని కాదని, ఆ తలనొప్పులన్నీ తనకెందుకని అన్నాడు. కుక్కల పందేల కేసులో జైలుకెళ్లి వచ్చిన ఆటగాడు మైకేల్ విక్‌కు రెండో అవకాశం ఇవ్వాలని వెన్నుదన్నుగా నిలిచింది ఇదే డంగీ. శామ్‌కు అవకాశం దక్కాలనే తన ఉద్దేశమని తరువాత వివరణ ఇచ్చాడు. ఆ వివరణ నన్ను ఒప్పించలేదు.

సన్నాహక మ్యాచుల్లో శామ్ మూడు సాక్‌లు చేశాడు. ఆ ఏడాది అందరి నోటా నానిన క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్‌ను కూడా పడగొట్టాడు. అయినా ఆగస్టు 30న రామ్స్ అతన్ని వదిలేసింది. అతని స్థానంలో నిలుపుకున్న ఈథన్ వెస్ట్‌బ్రూక్స్ డ్రాఫ్ట్‌లో ఎంపిక కానివాడు. కేవలం ఆటను చూసి తీసుకున్న నిర్ణయమని ఫిషర్ చెప్పాడు. రాబర్ట్ క్విన్, క్రిస్ లాంగ్ లాంటి మేటి డిఫెన్సివ్ ఎండ్‌లు ఉన్న ఆ వరుసలో చోటు దొరకడం నిజంగానే కష్టం, ఫిషర్ మాటను నమ్మవచ్చు. నమ్మలేనిది ఆ తరువాతి మౌనం. మిగతా 31 జట్లలో ఒక్కటీ అతన్ని తమకిమ్మని అడగలేదు. నాలుగు రోజులకు డల్లస్ కౌబాయ్స్ సాధన బృందంలోకి తీసుకుంది, అక్టోబరులో పంపేసింది. 2015లో కెనడాలోని మాంట్రియల్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్ ఆడి, మానసిక ఆరోగ్యం దృష్ట్యా అక్కడితో ఆపేశాడు. ఎన్ఎఫ్ఎల్ సీజన్‌లో ఒక్క మ్యాచూ ఆడలేదు.

గేనని చెప్పుకుంటే తలుపులు మూసుకుంటాయన్నదే కళాశాల ఆటగాళ్లు చూసి నేర్చుకున్న పాఠం. 2017లో గేనని బహిరంగంగా చెప్పుకున్న కాన్సస్ స్టేట్ ఆటగాడు స్కాట్ ఫ్రాంట్జ్‌ను 2020 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. లీగ్‌లో చురుగ్గా ఆడుతూ గేనని చెప్పుకున్న మొదటివాడు కార్ల్ నాసిబ్. 2021 జూన్‌లో అతను ఆ మాట చెప్పేనాటికి అయిదు సీజన్లు ఆడి, చేతిలో ఒప్పందం ఉన్నవాడు. శామ్‌కు ఆ రక్షణ లేదు.

నాసిబ్ ఆడింది లాస్ వేగస్ రెయిడర్స్‌కు. కోచ్ జాన్ గ్రూడెన్. జూన్‌లో గ్రూడెన్ అతన్ని మెచ్చుకుంటూ మాట్లాడాడు. సెప్టెంబరు 13న బాల్టిమోర్‌పై అదనపు సమయంలో నాసిబ్ బంతి జారేలా చేసి జట్టు గెలుపుకు దారి వేశాడు. అక్టోబరు 11న ఆ మెయిళ్లు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాయి, ఆ రాత్రే గ్రూడెన్ రాజీనామా చేశాడు. ఆ వారం సాధనకు రాకుండా నాసిబ్ ఒక రోజు సెలవు అడిగాడు. జట్టు ఇచ్చింది.