మెడ టక్కుమంటే ఎముక సర్దుకున్నట్టేనా?

గుంటూరు నుంచి విజయవాడ వెళ్తూ కాజ టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగి ఉన్నాం. వెనక నుంచి ఓ వ్యాను వచ్చి తగిలింది. పెద్ద వేగమేమీ లేదు. బంపరు సొట్టపోయింది, డిక్కీ ఓ పట్టాన తెరుచుకోలేదు. దిగి నాలుగు మాటలనుకుని ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. ఒంటికేమీ కాలేదనే అనుకున్నాను. మర్నాడు పొద్దున మంచం మీద నుంచి లేవబోతే తల నాతోపాటు రానంది.

"నరం మీద నరం ఎక్కుంటుందిరా, సెలూన్‌కెళ్ళి ఓసారి మెడ తిప్పించుకో" అంది అమ్మ. బావమరిది వాట్సాప్‌లో ఒక రీల్ పంపాడు. అందులో ఒకాయన, బల్ల మీద పడుకున్న మనిషి గడ్డం పట్టుకుని ఒక్క విసురుతో తిప్పుతాడు. టక్కుమంటుంది. పడుకున్నాయన మొహం వెలిగిపోతుంది. కింద 'కైరోప్రాక్టిక్' అని రాసుంది. "బావా, విజయవాడలోనూ చేస్తున్నారంట, రేపు వెళ్దామా?" అని దానికో వాయిస్ మెసేజ్.

అమ్మ మాటకీ ఆ రీల్‌కీ మధ్య పెద్ద దూరం లేదు. లోపల ఏదో పక్కకి జరిగింది, చెయ్యి తిరిగినవాడు దాన్ని మళ్ళీ చోట్లో పెడతాడు అన్నదే రెండింటి నమ్మకం. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోవడం మనకి తెలిసిందే కదా, అదీ ఇదే కోవలోది. కానీ వెనక నుంచి బండి గుద్దినప్పుడు మెడలో జరిగేది మరో రకం.

ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడినవాళ్ళు వెనక్కి తూలతారు. కాళ్ళు బస్సుతో కదులుతాయి, పైభాగం ఇంకా ఉన్నచోటే ఉంటుంది. కారులో ఆ పని సీటు చేస్తుంది. వీపుని ముందుకి నెడుతుంది. నాలుగున్నర, ఐదు కిలోల తల మాత్రం అక్కడే ఆగిపోతుంది. చిన్న సైజు గుమ్మడికాయని సన్నటి కర్రకి గుచ్చి, కర్రని మొదట్లో పట్టుకుని ఠక్కున ముందుకి లాగినట్టు. ఆ కర్ర మన మెడ, అందులో 7 వెన్నుపూసలు. సుమారు సెకనులో పదో వంతు సేపు మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకి వంగి, మొత్తం ఇంగ్లీషు 'ఎస్' అక్షరంలా మెలి తిరుగుతుంది. మామూలుగా మనం తల ఎంత వంచినా ఆ ఆకారం రాదు. కండరాలు తేరుకుని బిగుసుకునే లోపే అంతా అయిపోతుంది. వెన్నుపూసల వెనకవైపున్న చిన్న కీళ్ళ సంచులు, వాటిని కట్టి ఉంచే లిగమెంట్లు, కండరాలు సాగిపోతాయి. కొన్నిచోట్ల పోగులు చిట్లుతాయి. అక్కడ వాపు నెమ్మదిగా, గంటల మీద పెరుగుతుంది కాబట్టి నొప్పి తెల్లారి వచ్చింది. 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికన్ ఎముకల డాక్టర్ దీనికి విప్‌లాష్, అంటే కొరడా విసురు, అని పేరు పెట్టారు.

ఇలాంటి మెడలో సాధారణంగా ఏ ఎముకా జరిగి ఉండదు. నిజంగా జరిగిందంటే అది రీల్స్‌కి పనికొచ్చే విషయం కాదు. లోపల వెన్నుపాము ఉంది. విరిగిన లేదా పట్టు తప్పిన పూసని విసురుగా తిప్పితే కాళ్ళూచేతులూ పడిపోవచ్చు.

అందుకే గుంటూరులో నేను వెళ్ళిన ఎముకల డాక్టర్ మొదట మెడ ముట్టుకోలేదు. అడగడం మొదలుపెట్టారు. చేతుల్లో, కాళ్ళలో తిమ్మిరి ఉందా? గుద్దింది ఏ బండి? కారు పల్టీ కొట్టిందా? దిగి నడిచారా? నొప్పి అప్పుడే వచ్చిందా, తర్వాతా? మెడ వెనక నడిమధ్య ఎముక మీద మెల్లగా నొక్కి చూశారు. చివరికి, "ఇప్పుడు మీ అంతట మీరే తల ఎడమకి తిప్పండి. ఇటు కుడికి" అన్నారు. రెండు పక్కలా 45 డిగ్రీల దాకా తిరిగింది, మూలుగుతూనే అనుకోండి. ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. ఫీజు తీసుకుని ఎక్స్‌రే కూడా తియ్యలేదేమిటని నాకు కాస్త అసంతృప్తి కూడా కలిగింది.

తర్వాత చదివితే తెలిసింది, ఆ ప్రశ్నల వెనక ఒక లెక్క ఉంది. కెనడా డాక్టర్లు 2001లో ప్రకటించిన 'కెనేడియన్ సి-స్పైన్ రూల్' అది, సి-స్పైన్ అంటే మెడ పూసలు. వయసు 65 నిండినా, చేతులూకాళ్ళలో తిమ్మిర్లున్నా, ప్రమాదం తీవ్రమైనదైనా ముందు స్కానింగే. వెనక నుంచి గుద్దడం తేలిక రకంలోకే వస్తుంది గానీ, గుద్దింది బస్సో పెద్ద లారీయో అయితే ఆ మినహాయింపు లేదు. మన హైవే మీద తిరిగేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. అయితే ఈ పరీక్ష డాక్టర్ ముందు చెయ్యాల్సింది, ఇంట్లో అద్దం ముందు కాదు.

ఇక ఆ టక్కు సంగతి. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదే చప్పుడు. కీలులో జిగురు ద్రవం ఉంటుంది. కీలుని హఠాత్తుగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగలా బయటపడుతుంది. 2015లో కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు ఎమ్మారై లోపల వేళ్ళు లాగి, చప్పుడైన క్షణంలోనే ఆ ఖాళీ ఏర్పడడం వీడియోగా తీశారు. ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్ళీ మోగదని చిన్నపిల్లలకీ తెలుసు. వాయువు మళ్ళీ ద్రవంలో కరగాలి, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంటే ఎముక చోట్లోకి వెళ్ళినందుకు కాదు ఆ మోత.

కైరోప్రాక్టిక్ మాత్రం పుట్టుకతోనే ఈ 'జరిగిన ఎముక' నమ్మకంతో పుట్టింది. 1895లో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డేవెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, హార్వీ లిల్లార్డ్ అనే చెవిటి మనిషి వీపు మీద పూసని నొక్కి వినికిడి తెప్పించానన్నాడు. అయస్కాంత వైద్యం చేసేవాడు అంతకుముందు. చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం వెన్నులోకి రాదు, పుర్రెలోనే నేరుగా వెళ్తుంది. కాబట్టి ఆ కథ నాకు మింగుడుపడదు. రోగాలన్నీ జరిగిన పూసల వల్లే అన్న పామర్ సిద్ధాంతాన్ని ఈ రోజు చాలామంది కైరోప్రాక్టర్లు కూడా పట్టించుకోరు.

అలాగని చేత్తో చేసే వైద్యమంతా వట్టిదనీ కాదు. మామూలు నడుం నొప్పికి వెన్ను సర్దే పద్ధతి, వ్యాయామంలాంటి ఇతర వైద్యాలతో సమానంగా కొంత ఉపశమనం ఇస్తుందని చాలా పరీక్షల్లో తేలింది. బిగుసుకున్న కండరం కాసేపు సడలుతుంది, మెదడుకి చేరే నొప్పి కబురు తగ్గుతుంది. ఆ రీల్‌లోని మనిషి నటించి ఉండకపోవచ్చు. కాకపోతే ఆ హాయి ఎక్కువ కాలం నిలిచేది కాదు, చిట్లిన పోగుల్ని అతికించేదీ కాదు.

నన్ను భయపెట్టింది వేరే విషయం. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచి, గాజుల్లో దారం ఎక్కించినట్టు పైకి వెళ్తాయి. మొదటి పూస దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి దూరతాయి. మెడని విసురుగా తిప్పితే ఆ మెలిక దగ్గర సాగుతాయి. లోపలి పొర చిరిగిందా, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి వెళ్ళి పక్షవాతం తెస్తుంది. ఇది చాలా అరుదు. పైగా, అప్పటికే ధమని చిరిగి మెడనొప్పి మొదలైనవాళ్ళే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నారేమో, నింద ఆయన మీద పడుతోందేమో అన్న వాదనా ఉంది, కొట్టిపారెయ్యలేనిది. కానీ కారు గుద్దిన మెడకి ఆ ధమని ముందే దెబ్బతిని ఉండొచ్చు కదా. మునుపెన్నడూ లేని మెడనొప్పో తలనొప్పో వచ్చి, కళ్ళు తిరగడం, వస్తువులు రెండుగా కనపడడం, మాట తడబడడం తోడైతే సెలూన్‌కీ క్లినిక్‌కీ కాదు, 108కి ఫోన్ చెయ్యాలి.

మన దేశంలో ఫిజియోథెరపీ 2021 నాటి జాతీయ చట్టం కిందికి వచ్చింది. కైరోప్రాక్టిక్‌కి అలాంటి కౌన్సిల్ లేదు. అమెరికాలో ఏళ్ళ తరబడి చదివి లైసెన్సు తెచ్చుకున్నాయనా, వారాంతపు కోర్సు చేసినాయనా ఒకే బోర్డు పెట్టుకోగలరు. అడిగి తెలుసుకోవడం మన పనే. మెడ మీద చెయ్యి వేసే ముందు తిమ్మిర్ల గురించీ ప్రమాదం గురించీ అడగనివాళ్ళ దగ్గర నేనైతే బల్లెక్కను.

నాకు డాక్టర్ ఇచ్చిన వైద్యం చూస్తే బావమరిదికి నవ్వొచ్చింది. కాలర్ వద్దన్నారు. ఎముక విరగనప్పుడు దాన్ని పెట్టుకుని కూర్చుంటే మెడ ఇంకా బిగుసుకుంటుందట. కొన్ని రోజులకి నొప్పి మాత్రలు, గంటకోసారి తలని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పడం, గడ్డం లోపలికి లాక్కోవడం, భుజాలు వెనక్కి కలపడం, మామూలుగా పని చేసుకోవడం. అంతే. ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గుతుందన్నారు, కొద్దిమందికి ఇంకా సాగుతుంది. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక లిథువేనియా అధ్యయనం ఇక్కడ ఆసక్తికరం. వెనక నుంచి గుద్దించుకున్న 202 మందిని ఒకటి నుంచి మూడేళ్ళ తర్వాత పలకరిస్తే, ప్రమాదమే జరగనివాళ్ళకంటే వాళ్ళలో మెడనొప్పి ఎక్కువేం లేదు. అక్కడ అప్పట్లో దీనికి నష్టపరిహారం అడిగే అలవాటూ లేదు, ఇది ఏళ్ళ తరబడి వేధిస్తుందన్న భయమూ లేదు. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు, నాది మూడు వారాలు నిజంగానే ఉంది. కానీ భయం దాన్ని ఎంత సాగదీస్తుందో అని మాత్రం అనిపించింది.

బంపర్ మార్పించడానికి ఆటోనగర్ వెళ్ళినప్పుడు, మెకానిక్ డ్రైవర్ సీటు చూసి "హెడ్‌రెస్ట్ ఇంత కిందికి పెట్టుకున్నారేంటి సార్?" అన్నాడు. కారు కొన్నప్పటి నుంచీ అది అలాగే ఉంది. తల పైభాగం ఎత్తుకి, తల వెనక్కి వీలైనంత దగ్గరగా ఉంటేనే గుద్దినప్పుడు తల వెనక్కి పోకుండా ఆపుతుంది. నాది మెడ మధ్యలోకి వస్తోంది. పక్కనున్న బొత్తాం నొక్కి మూడు మెట్లు పైకి లాగాడు. లాగినప్పుడు అదీ టక్కుమంది.