చవక మైకు, ఖరీదు మైకు: సౌండ్ సామాను మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. నా దగ్గరికి ఎక్కువగా జానపదాలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథ బృందాలు వస్తాయి. సీజన్‌లో స్టేజీ సౌండ్ కూడా చూస్తాను. సొంతంగా పాట చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే పిల్లలు జగిత్యాల నుంచి, హుజూరాబాద్ నుంచి ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, ఏ మైకు కొనాలె?" అప్పు చేసి సామాను కొన్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. చవక సామాను పనికిరాదనేవాళ్లూ, ఖరీదు సామానంతా దండగనేవాళ్లూ ఈ పిల్లలకు సమానంగా నష్టం చేస్తున్నారు.

అపోహ: లక్షల సామాను లేకపోతే పాటకు స్టూడియో క్వాలిటీ రాదు.

ఒకప్పుడు ఇది చాలావరకు నిజం. ఇప్పుడు మామూలు ధరలో దొరికే రెండు చానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కూడా 24 బిట్ల వివరంతో, సెకనుకు 48 వేల సార్లు శబ్దాన్ని కొలిచి, అంటే 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో, రికార్డు చేస్తుంది. మనిషి చెవికి వినిపించేది 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ అంటే అందులో సగం, 24 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకునే శక్తి ఉన్నట్టే. వాడుకలో ఆ ఇంటర్‌ఫేస్ సొంత రొద కన్నా మీ గదిలో ఫ్యాన్ చప్పుడే ఎక్కువ ఉంటుంది. కాబట్టి మొదటి పాట ఆగిపోవడానికి సామాను ధర కారణం కానక్కర్లేదు.

అపోహ: గోడలకు గుడ్ల ట్రేలు, థర్మాకోల్ అంటిస్తే గది స్టూడియో అయిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది, ఎక్కువ పాటలు చెడిపోయేది ఇక్కడే. ముందు రెండు విషయాలు విడదీసి చూడాలి. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం ఒకటి, లోపలి శబ్దం గోడలకు తగిలి తిరిగి మైకులోకి రాకుండా చూడటం ఇంకొకటి. కాజీపేట వైపు ఇంట్లో రైలు మోత ఆపాలంటే బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. అంటించేవి ఏవైనా సరే, ఆ పని చేయవు. ప్రతిధ్వని తగ్గించడానికి కూడా గుడ్ల ట్రే దాదాపు పనికిరాదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

పది అడుగుల గదిని తీసుకోండి. ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలబడి ఊగుతుంది. దాని రెట్టింపు దగ్గర, మూడు రెట్ల దగ్గర కూడా అంతే. మగ గొంతు కింది స్వరాలు, డోలు దెబ్బ ఈ ప్రాంతంలోనే పడతాయి. అందుకే పాట ఒక చోట బుబ్బుమని, ఇంకో చోట పల్చగా వినిపిస్తుంది. అంగుళం మందం ఫోమ్ పై శబ్దాలను మాత్రం మింగి కింది వాటిని వదిలేస్తుంది, దాంతో గొంతు ఇంకా మొద్దుగా తయారవుతుంది. నాలుగు అంగుళాల రాక్‌వూల్‌ను (రాతి నారతో చేసిన దట్టమైన పలకను) చెక్క ఫ్రేములో పెట్టి, గుడ్డతో పూర్తిగా మూసి, గోడకు కాస్త ఎడంగా, ముఖ్యంగా మూలల్లో నిలబెట్టండి. తేడా మీకే వినిపిస్తుంది. చేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు మన ఊళ్లోనే దారి ఉంది. వరంగల్ కొత్తవాడ దరీ నేల మీద పరవండి. పాడేవాళ్ల వెనకాల, పక్కల రెండు మూడు మందపాటి బొంతలు వేలాడదీయండి. బట్టలు నిండిన బీరువా ఉన్న పడకగది, ఖాళీ హాలు కన్నా ఎంతో నయం.

అపోహ: కండెన్సర్ మైకే ప్రొఫెషనల్, డైనమిక్ మైకు స్టేజీకే.

కండెన్సర్ అంటే కరెంటు సాయంతో పనిచేసే సున్నితమైన మైకు. డైనమిక్ అంటే అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే గట్టి మైకు. షూర్ కంపెనీ ఎస్ఎం57 1965లో, ఎస్ఎం58 1966లో వచ్చాయి. రెండూ డైనమిక్ మైకులే. అమెరికా అధ్యక్షులు ప్రసంగించే బల్ల మీద దశాబ్దాలుగా కనిపించే ఎస్ఎం57ను పెద్ద పెద్ద స్టూడియోలు డ్రమ్ముకు, గిటార్ ఆంప్లిఫయర్‌కు ఇప్పటికీ పెడుతున్నాయి. కండెన్సర్ సున్నితమైన వివరాలు బాగా పట్టుకుంటుంది, నిజమే. దాంతోపాటు వీధిలో కుక్కనూ, పక్కింటి కుక్కర్ విజిల్‌నూ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. గది బాగుచేయనివాళ్లకు నేను డైనమిక్ మైకే చెప్తాను.

మైకు ఎంత దూరంలో పెడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. దూరం రెట్టింపయితే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే దగ్గరగా పాడితే గొంతు శుభ్రంగా వస్తుంది. మరీ ఆనుకుంటే బేస్ పెరిగిపోతుంది. జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బను ఆపే జాలీ తెర): ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

డప్పు విషయం వేరు. సిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బ ఒక్క క్షణంలో పైకెగురుతుంది. మైకును తోలుకు ఆనిస్తే సిగ్నల్ క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటి చీలిపోతుంది. ఒకసారి చీలిన శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ కొంత కప్పిపుచ్చగలదే తప్ప పూర్తిగా తిరిగి తేలేదు. మూడు నాలుగు అడుగుల దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టి, మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే నాబ్) తగ్గించండి. 24 బిట్లలో తక్కువ లెవెల్‌లో తీసినా నష్టం లేదు. తోలు చల్లబడి వదులైతే రికార్డింగ్ ఆపి, మళ్లీ కాచుకురావడానికి కళాకారులకు టైం ఇవ్వాలి. ఆ పదినిమిషాలు తగ్గించే మైకు ఏ కంపెనీ దగ్గరా లేదు.

అపోహ: ఖరీదు సామానంతా పేరుకే.

ఈ మాట అనేవాళ్లు ఎండాకాలం మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా నడిచే ప్రోగ్రాంకు సౌండ్ పెట్టి చూడాలి. ప్రొఫెషనల్ సామానుకు మనం కట్టే డబ్బులో పెద్ద భాగం నమ్మకానికే: కింద పడ్డా పనిచేసే మైకు, వేడికి ఆగని పవర్ ఆంప్లిఫయర్, జనం ఫోన్ల మధ్య సిగ్నల్ తెగని వైర్‌లెస్, పదేళ్ల తర్వాత కూడా దొరికే స్పేర్ పార్టులు. ఇంట్లో మైకు ఆగితే మళ్లీ పాడొచ్చు. బతుకమ్మ ఆట మధ్యలో ఆగితే మళ్లీ ఆ క్షణం రాదు. అందుకే స్టేజీకి ఖరీదు పెట్టండి, ఇంటికి పొదుపు చేయండి అంటాను.

ఆన్‌లైన్‌లో మైకు, స్టాండు, లైట్ల సౌండ్ కార్డు కలిపి అమ్మే సెట్లతో జాగ్రత్త. మామూలుగా స్టూడియో కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే వచ్చే కరెంటు) కావాలి. దాన్ని సన్నటి పిన్ను వైరుతో చిన్న కార్డుకు తగిలిస్తే అంత కరెంటు అందదు, రొద ఎక్కువ వస్తుంది. ఇంకో ప్రమాదం నకిలీలు. పేరున్న మైకు సగం ధరకు దొరుకుతోందంటే అనుమానించండి. బిల్లు, వారంటీ లేకుండా తీసుకోవద్దు.

అపోహ: వాట్లు రెట్టింపయితే సౌండ్ రెట్టింపు.

పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. డబ్బా మీద పీఎంపీఓ (ప్రచారానికి వేసే పెద్ద) అంకె చూడకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) ఎంతో అడగండి.

అపోహ: గుయ్ మనే హమ్ పోవాలంటే ఎర్త్ పిన్ను తీసేయాలి.

ఇది మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఎర్త్ లేని మిక్సర్‌లో లోపం వస్తే కరెంటు మైకు జాలీ దాకా వచ్చి పాడేవాళ్ల పెదవికి తగులుతుంది. కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌కు దారులు వేరే ఉన్నాయి: బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (రొదను రద్దు చేసే రెండు సిగ్నల్ తీగల కేబుళ్లు) వాడటం, సామానంతటికీ ఒకే చోటి నుంచి ఎర్త్ ఉన్న సప్లై ఇవ్వడం, కీబోర్డుకు డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కడం (ఇది సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను కాదు). ఫంక్షన్ హాల్ అయినా, పందిరి అయినా, బోర్డుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే మైకు ఎవరి చేతికైనా ఇవ్వండి.