అతుకుల బొంత, అప్లిక్ పని ఇంట్లో పూర్తి చేయడం: అపోహలు – వాస్తవాలు

ప్యాచ్‌వర్క్ (గుడ్డముక్కలు అతికి బొంత కుట్టే పని) నేర్పమని నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కొత్తగా మొదలుపెట్టడానికి రారు. ఎప్పుడో మొదలుపెట్టి ఆపేసిన పనిని సంచిలో పెట్టుకుని వస్తారు. ఆ సంచులు విప్పితే దాదాపు అందరి పనీ ఒకేచోట ఆగి ఉంటుంది. ముక్కలు కలిపి కుట్టడం అయిపోయి, పైపొర సిద్ధంగా ఉంటుంది. మధ్యపొరగా ఏం వేయాలి, మూడు పొరలూ కదలకుండా ఎలా కుట్టాలి, అంచు ఎలా కట్టాలి అన్న దగ్గర చేయి ఆగిపోతుంది. దానికి వాళ్ళు తమ బద్ధకాన్ని నిందించుకుంటారు. నేను చూసినంతవరకు కారణం బద్ధకం కాదు, ఫలానా సామాను లేనిదే కుదరదని, ఫలానా పద్ధతి తప్ప మరొకటి పనికిరాదని ఎక్కడో విని నమ్మిన మాటలు. వాటిలో చాలావరకు చలిదేశాల్లో, విశాలమైన గదుల్లో, పెద్ద మిషన్ల మీద కుట్టుకునేవారి అవసరాల నుంచి పుట్టినవి. హైదరాబాదులో రెండు గదుల ఇంట్లో కుట్టుకునేవారికి అవి యథాతథంగా వర్తించవు.

అపోహ: మధ్యలో బ్యాటింగ్ (దూదిలాంటి మెత్తని పొర) వేయకపోతే అది క్విల్టే (పొరలు కలిపి కుట్టిన బొంతే) కాదు.

వాస్తవం: మన బొంతల్లో మధ్యపొరగా ఉండేది పాత చీరే. బెంగాలు వారి కాంథా బొంతల్లోనూ పాత చీరలు, ధోవతుల పొరలనే కలిపి కుడతారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ది స్త్రీలు కుట్టే కవంది అనే బొంతలో దూది ఉండదు. ముక్కలను అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరుసలుగా కుట్టుకుంటూ పోతారు కనుక, అతకడమూ పొరలను కలపడమూ ఒకేసారి అయిపోతాయి. ఇవన్నీ శతాబ్దాల అనుభవం ఉన్న పనులు.

మన ఊళ్ళో గట్టిగా చలి ఉండేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. మిగతా కాలమంతా ఫ్యాను కిందో ఏసీ గదిలోనో కప్పుకోవడానికి పలుచని బొంతే హాయి. అందుకే మధ్యపొరగా ఒకటి రెండు మడతల పాత నూలు చీర గానీ, ఉతికిన ఫ్లానెల్ గానీ నా మొదటి ఎంపిక. చీర మెత్తబడి ఉండాలే తప్ప చివికిపోయి ఉండకూడదు; రెండు చేతులతో లాగితే పోగులు విడిపోయే గుడ్డను లోపల దాచినంత మాత్రాన దానికి బలం రాదు. పాలిస్టర్ వాడింగ్ (పాలిస్టర్ పీచుతో చేసిన బ్యాటింగ్) తేలికగా ఉబ్బుగా ఉంటుంది, ఉతికితే త్వరగా ఆరుతుంది, కానీ మే నెలలో దాన్ని ఎవరూ కప్పుకోలేరు. విడి దూది వేసి రజాయిలా చేయాలనుకుంటే కుట్ల వరుసల మధ్య రెండు మూడు అంగుళాలకు మించి ఎడం ఉండకూడదు, లేకపోతే దూది ఉండలు కట్టి మూలలకు చేరుతుంది. పైగా అటువంటిదాన్ని వాషింగ్ మిషన్లో వేయడం కుదరదు. సూదులతో గుచ్చి పరిచిన కాటన్ బ్యాటింగ్ దొరికితే వరుసల మధ్య ఎనిమిది అంగుళాల ఎడం ఉన్నా చాలావాటికి ఫరవాలేదు. గరిష్ఠంగా ఎంత ఎడం వదలవచ్చో పొట్లం మీద రాసి ఉంటుంది, ఆ అంకెను దాటవద్దు.

అడుగుపొర సంగతి కూడా ఇక్కడే చెబుతాను. అడుగుపొర పైపొర కంటే నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు పెద్దదిగా ఉండాలి. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న బొంతకు 68 × 98 అంగుళాల గుడ్డ కావాలి. ఐదున్నర మీటర్ల నూలు చీరను సగానికి కత్తిరించి, రెండు సగాలను పక్కపక్కన కుడితే సుమారు 90 × 108 అంగుళాలు వస్తుంది. చీర అంచును మధ్య అతుకులోకి పోనివ్వకుండా ముందే కత్తిరించి తీసేయాలి. దగ్గర నేత ఉన్న అంచు ఉతికిన తర్వాత మిగతా గుడ్డతో సమంగా సాగక ముడతలు పెడుతుంది. ఆ గుడ్డకంటే బాగుంటుందని కొత్త డబుల్ బెడ్‌షీటు వేసేవారున్నారు. మిషను కుట్టుకు అది పనికివస్తుంది, చేతికుట్టుకు మాత్రం దట్టమైన నేతలో సూది దిగక వేళ్ళు నొప్పి పెడతాయి.

అపోహ: ఉప్పునీళ్ళలో నానబెడితే గుడ్డ రంగు దిగదు.

వాస్తవం: ఇది మన ఇళ్ళలో తరతరాలుగా నడుస్తున్న మాట, అందువల్లే ఎక్కువ నష్టం చేసే మాట కూడా. అద్దకం జరుగుతున్న సమయంలో రంగు నూలుకు చేరడానికి ఉప్పు ఉపయోగపడుతుంది. అద్దకం అయిపోయిన గుడ్డలో మిగిలిపోయిన రంగును పట్టి ఉంచే శక్తి దానికి లేదు. వెనిగర్ పరిస్థితీ అంతే: పట్టు, ఉన్నిలకు వాడే కొన్ని రంగుల అద్దకంలో ఆమ్లానికి పాత్ర ఉంది కానీ, నూలు ముక్కను వెనిగర్‌లో ముంచడం వల్ల ప్రయోజనం లేదు.

అతుకుల బొంతలో ఈ విషయం మామూలు బట్టల కంటే ముఖ్యం, ఎందుకంటే ముదురు ఎరుపు కలంకారీ ముక్క పక్కనే తెల్ల రూబియా ముక్క జీవితాంతం ఉండబోతుంది. అనుమానం ఉన్న ప్రతి ముక్కనూ తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేసి చూడండి. మరక పడితే ఆ ముక్కను విడిగా, గోరువెచ్చని నీళ్ళలో, నీరు తేటగా వచ్చేదాకా ఉతకాలి. చిన్న ముక్కలు పోగులు ఊడి ఉండ చుట్టుకోకుండా దిండు గలీబులో వేసి మూతి కట్టి ఉతకవచ్చు. ఎన్నిసార్లు ఉతికినా రంగు వదులుతూనే ఉన్న ముక్కను, అది ఎంత ఇష్టమైన చీరలోదైనా, పక్కన పెట్టేయడమే నా సలహా. పూర్తయిన నూలు బొంత మొదటి ఉతుకులో రంగు వదిలితే దాన్ని ఆరనివ్వకూడదు, ఇస్త్రీ అసలే చేయకూడదు. పెద్ద టబ్బు నిండా వేడినీళ్ళలో డిటర్జెంటు కలిపి ముంచి, రంగు దిగిన నీళ్ళు మారుస్తూ పోతే చాలాసార్లు మరక పోతుంది.

అపోహ: ముక్కల బొంతకు ప్రణాళిక అక్కరలేదు, చేతికి వచ్చిన ముక్క వచ్చినచోట వేయవచ్చు.

వాస్తవం: అలా కుట్టినవే ఎక్కువగా సగంలో ఆగిపోతాయి, ఎందుకంటే కొంత కుట్టాక చూసుకుంటే కళ్ళకు గజిబిజిగా కనిపించి ఉత్సాహం పోతుంది. అసలు లోపం రంగుల్లో ఉండదు, లేత–ముదురు తేడా లేకపోవడంలో ఉంటుంది. ముక్కలను నేల మీద పరిచి ఫోనులో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి. అంతా ఒకే బూడిద రంగుగా కనిపిస్తే ఎన్ని రంగులున్నా బొంత చదునుగా, నీరసంగా ఉంటుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో, వంకర గీతలతో కుట్టిన క్విల్టులను 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ప్రదర్శించింది. వాటిలో కొలతలు సరిసమానంగా ఉండవు కానీ, లేతను ముదురు పక్కన ఎక్కడ నిలపాలో కుట్టిన చేతికి బాగా తెలుసునని చూడగానే అర్థమవుతుంది.

ముక్కలు మరీ కలగాపులగంగా ఉంటే, అన్నిటి మధ్యా తిరిగే ఒకే రంగు గుడ్డ కొనండి. సికింద్రాబాదు జనరల్ బజారులోనో, సుల్తాన్ బజారులోనో ఏ మ్యాచింగ్ సెంటరుకు వెళ్ళినా జాకెట్ల కోసం పెట్టే సాదా నూలు గుడ్డలు మనకు కావలసిన ఛాయలో దొరుకుతాయి. టైలర్ల దగ్గర తెచ్చుకున్న కత్తిరింపుల్లో నూలు ఏదో, పాలిస్టర్ ఏదో తెలియకపోతే ఒక పోగు లాగి, సింకు దగ్గర జాగ్రత్తగా కాల్చి చూడండి: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. రెండింటినీ కలిపి కుట్టడం నేరమేమీ కాదు కానీ, నూలుకు సరిపోయే ఇస్త్రీ వేడికి పాలిస్టర్ కరుగుతుంది, నూలు కుంచించుకుపోయినంతగా అది కుంచించుకుపోదు. జరీ ఉన్న పట్టు ముక్కలు వాడాలంటే వెనుక పలుచని ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు గుడ్డ) అంటించిన తర్వాతే కత్తిరించాలి.

అపోహ: బ్లాకులన్నీ (ముక్కలు కలిపి కుట్టిన చదరాలన్నీ) ఒకే కొలతలో లేకపోతే కలపడం కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. చిన్న బ్లాకుల చుట్టూ పట్టీలు కుట్టి, అన్నిటినీ పెద్ద బ్లాకు కొలతకు కత్తిరిస్తే చాలు. లాగి సరిపెట్టడం మాత్రం వద్దు. చుట్టూ వేసే బోర్డరును కూడా పైపొర అంచు వెంబడి కొలిచి కత్తిరించకండి. అంచులు సాగి ఉంటాయి. పైపొర మధ్యగా కొలిచి, ఆ కొలతకే ఎదురెదురు బోర్డర్లు కత్తిరించి, అంచును వాటికి సర్ది పిన్నీసులు పెట్టి కుడితే బొంత నేల మీద చదునుగా పడుతుంది. ఉన్న బ్లాకులు మంచం కొలతకు చాలకపోతే దాన్ని చంటిపిల్లల బొంతగానో దివాను మీద పరిచే దుప్పటిగానో ముగించడం సిగ్గుపడవలసిన పని కాదు. చంటిపిల్లల బొంత మీద అద్దాలు, గుండీలు, పూసలు మాత్రం వద్దు.

అపోహ: మూడు పొరలు కుట్టడానికి పెద్ద మిషను, ప్రత్యేకమైన ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే మిషను పాదం) ఉండితీరాలి.

వాస్తవం: ఇంట్లో ఉన్న కాలితో తొక్కే నల్ల మిషను మీద తిన్నని గీతలు చక్కగా పడతాయి. ప్రెషర్ ఫుట్ ఒత్తిడి కొంచెం తగ్గించి, కుట్టు పొడవును అంగుళానికి ఎనిమిది తొమ్మిది కుట్లు పడేలా పెంచి, కొత్త సూది వేయాలి. అన్నిటికంటే ముఖ్యం పొరలను ముందుగా పట్టి ఉంచడం. అడుగుపొరను నేల మీద పరిచి, ముడత లేకుండా అంచులకు టేపు అంటించి, మధ్యపొర, పైపొర పరచి, మధ్య నుంచి బయటకు పోతూ నాలుగు అంగుళాలకు ఒక పిన్నీసు పెట్టండి, లేదా పొడవాటి కచ్చా కుట్టు వేయండి. ఈ పనికి పూట పడుతుంది, నడుము నొప్పి పుడుతుంది, అందుకే అందరూ దీన్ని తొందరగా ముగిస్తారు. తర్వాత అడుగున పడే ముడతలన్నీ ఆ తొందరవే.

అంత గుడ్డను మిషను కింద చుట్టచుట్టి తిప్పడం కష్టమనుకుంటే ఒక్కో బ్లాకుకు విడిగా మూడు పొరలు పెట్టి కుట్టేసి, చివర బ్లాకులను కలిపే పద్ధతి ఉంది. ఇరుకు ఇళ్ళలో ఉండేవారికి నేను మొదట నేర్పేది ఇదే. మిషను లేనివారికి లావు దారంతో వేసే రన్నింగ్ కుట్టు ఉండనే ఉంది. అంగుళానికి పది కుట్లు పడకపోతే అది పనితనం కాదని భయపెట్టేవారి మాట వినవద్దు. అంగుళానికి ఐదే పడినా అవి సమంగా ఉంటే బొంత గట్టిగానూ ఉంటుంది, అందంగానూ ఉంటుంది.

అపోహ: అప్లిక్‌లో (గుడ్డ మీద మరో గుడ్డ ఆకారాన్ని అతికే పనిలో) ఫ్యూజింగ్‌తో అంటిస్తే ఇక కుట్టనవసరం లేదు.

వాస్తవం: గోడకు వేలాడదీసేదైతే ఆ మాట కొంతవరకు నిజం. ఉతికే బొంతకైతే అంచులు రెండు మూడు ఉతుకుల్లోనే లేవడం మొదలవుతుంది, కాబట్టి చుట్టూ కాజా కుట్టు గానీ, మిషను జిగ్‌జాగ్ గానీ తప్పనిసరి. అంచు లోపలికి మడిచి కుట్టేవారు మడతకు పావు అంగుళం కంటే తక్కువే వదలాలి. ఎక్కువ వదిలితే వంపుల దగ్గర మూలలు తేలుతాయి. లోపలికి తిరిగే వంపుల దగ్గర, ఉదాహరణకు మామిడి పిందె మెడ దగ్గర, అంచును మడత గీత వరకు చిన్నగా కత్తిరించి విడదీయాలి. బయటకు తిరిగే వంపులకు ఆ గాట్లు పెట్టవద్దు; అంచు వెంబడి సన్నని రన్నింగ్ కుట్టు వేసి, అట్ట నమూనా మీద దారం లాగి, గంజి చిలకరించి ఇస్త్రీ చేస్తే గుండ్రం చక్కగా నిలుస్తుంది. తీగలు, కాడలు మాత్రం క్రాస్‌గా (ఐమూలగా) కత్తిరించిన పట్టీలతోనే వంగుతాయి. అప్లిక్ కుట్టేకొద్దీ కింది గుడ్డ కాస్త లోపలికి లాక్కుంటుంది కనుక దాన్ని ఒక అంగుళం పెద్దదిగా కత్తిరించుకుని, పని పూర్తయ్యాక కొలతకు తేవాలి.

అపోహ: అంచుకు క్రాస్ పట్టీయే వేయాలి.

వాస్తవం: అంచు వంపులు తిరిగితేనే క్రాస్ అవసరం. తిన్నని అంచుకు గుడ్డ అడ్డంగా కత్తిరించిన తిన్నని పట్టీ చాలు, గుడ్డ కూడా తక్కువ పడుతుంది. పైన చెప్పిన 60 × 90 బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకు, అతుకులకు 12 కలిపితే 312. పట్టీ వెడల్పు రెండున్నర అంగుళాలు, 44 అంగుళాల పన్నా గుడ్డలో ఒక్కో పట్టీ అతుకులు పోగా 40 అంగుళాలు వస్తుందనుకుంటే ఎనిమిది పట్టీలు, అంటే 20 అంగుళాల గుడ్డ. అరవై సెంటీమీటర్లు కొంటే సరిపోతుంది. పట్టీని పొడవునా సగానికి మడిచి కుడితే అంచు దగ్గర రెండు మడతలు నిలిచి త్వరగా అరగవు.

అపోహ: చేత్తో కుట్టిన బొంతను డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలి.

వాస్తవం: నూలు బొంతకు అక్కరలేదు. చల్లని నీళ్ళు, మెత్తని ద్రవ సబ్బు చాలు. తడిసిన బొంత చాలా బరువెక్కుతుంది, ఒక్క తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు తెగుతాయి; రెండు మూడు తీగల మీద పరిచినట్టు వేసి, అడుగుపొర పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. బీరువాలో పెట్టేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, వానాకాలంలో లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత పంచెలో చుట్టి పెట్టి, నాలుగైదు నెలలకోసారి తీసి మడతలు మార్చి మళ్ళీ పెట్టండి. కలరా ఉండలు వేస్తే అవి గుడ్డకు తగలకుండా విడిగా మూటకట్టి వేయండి.