నదికి అటు ఎన్నికలు, ఇటు ఎన్నికలు

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగారుగా, "కెనడావాళ్లు మర్యాదస్తులు కాబట్టే అక్కడ అమెరికాలో కంటే ఎన్నికల గోల తక్కువట, నిజమేనా తాతయ్యా?" అని. చాలామంది అదే అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. అసలు తేడా చట్టాల్లో ఉంది.

కెనడాలోని మా విండ్సర్‌కీ అమెరికాలోని డెట్రాయిట్‌కీ మధ్య ఒక నదే అడ్డం. అక్కడి టీవీ ఛానళ్లు మాకూ వస్తాయి. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ ఎటు మొగ్గుతుందో తెలియని రాష్ట్రం. అందుకే 2024 అధ్యక్ష ఎన్నికల్లో రెండు పార్టీలూ అక్కడ డబ్బు కుమ్మరించాయి. ఆ ఎన్నికల్లో ఓటే లేని మేము కూడా నెలల తరబడి ఆ యాడ్స్ చూశాం.

ట్రంప్ తాను పోటీ చేస్తానని 2022 నవంబర్‌లోనే ప్రకటించారు. పోలింగేమో 2024 నవంబర్ 5న! బైడెన్ తప్పుకున్నాక కమలా హారిస్‌కి 107 రోజులు దొరికితే, అంత తక్కువ టైమ్ ఎలా సరిపోతుందని అక్కడ అందరికీ టెన్షన్. ఇక్కడ 2015లో ప్రచారం 78 రోజులు సాగితేనే జనం విసిగిపోయారు. ఇప్పుడు చట్టం ప్రకారం 37 రోజులకు తగ్గకూడదు, 51 దాటకూడదు. 2025లో మార్చి 23న ఎన్నికలు ప్రకటించారు, ఏప్రిల్ 28న ఓట్లు వేసేశాం.

అంతకంటే పెద్ద తేడా డబ్బు దగ్గరుంది. ప్రచారానికి ఖర్చు పెట్టడం కూడా వాక్‌స్వేచ్ఛ కిందికే వస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 1976లో తీర్పు చెప్పింది. 2010లో కంపెనీలు, యూనియన్లు సొంతంగా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చంది. హారిస్ ప్రచారానికి వచ్చిన విరాళాలే వంద కోట్ల డాలర్లు దాటాయి. కెనడాలో 2007 నుంచి కంపెనీలు, యూనియన్లు జాతీయ పార్టీలకు గానీ, వాటి అభ్యర్థులకు గానీ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. 2021 ఎన్నికల్లో పెద్ద పార్టీకి ఖర్చు పరిమితి దాదాపు 3 కోట్ల డాలర్లు. నాకు ఈ దేశంలో బాగా నచ్చిన చట్టాల్లో ఇదొకటి.

మరి మర్యాద సంగతి? 1993లో ఇక్కడి కన్సర్వేటివ్ పార్టీ, ప్రత్యర్థి లిబరల్ పార్టీ నాయకుడు క్రెటియన్ ముఖాన్ని ఎత్తిచూపుతూ యాడ్ వేసింది. చిన్నప్పటి జబ్బు వల్ల ఆయన మూతి ఒక పక్కకి ఉంటుంది. సొంత పార్టీవాళ్లే ఛీకొట్టడంతో వెంటనే ఆపేశారు. ఆ ఎన్నికల్లో ఆ పార్టీకి దక్కినవి రెండే సీట్లు. ఓటమికి వేరే కారణాలు చాలా ఉన్నాయనుకోండి. కానీ 2009లో ఏమైందో చూడండి. లిబరల్ నాయకుడు ఇగ్నాటియెఫ్ ఎన్నో ఏళ్లు విదేశాల్లో పనిచేశాడు కాబట్టి చుట్టపుచూపుగా వచ్చినవాడంటూ కన్సర్వేటివ్‌లు యాడ్స్ మీద యాడ్స్ వేశారు. ఎన్నికలు ఇంకా రాలేదు కదా, అందుకే ఖర్చు పరిమితి వర్తించలేదు. జనం కూడా అప్పుడు ఛీకొట్టలేదు. 2011లో లిబరల్స్ 34 సీట్లతో మూడో స్థానానికి పడిపోయారు, ఆయనా ఓడిపోయాడు.

2018లో ఆ సందు కొంత మూశారు. షెడ్యూలు ప్రకారం ఎన్నికలు జరిగే ఏడాదిలో జూన్ 30 నుంచే పార్టీల యాడ్స్ ఖర్చుకి పరిమితి పెట్టారు. జూన్ 30కి ముందు ఎంత ఖర్చు పెట్టినా అడిగేవాళ్లు లేరు. 2025లో ఎన్నికలు తొందరగా వచ్చేయడంతో ఆ నిబంధన అక్కరకే రాలేదు. దాన్ని ఏడాది పొడుగునా వర్తింపజేయాలని నా గట్టి కోరిక.

ఇట్లు,
మీ తాతయ్య