ఇత్తడి గిన్నెలో చేపల పులుసు పెట్టొచ్చా?

అజ్జరంలో ఇత్తడి గిన్నె కొన్నాం, అందులో చేపల పులుసు పెట్టుకోవచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. లోపల కళాయి పూత ఉంటే పెట్టుకోవచ్చండీ, లేకపోతే వద్దు. జవాబు ఇంతే, కానీ దీని వెనకున్న కెమిస్ట్రీ చెప్పకుండా వదలబుద్ధి కావడం లేదు.

పెరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. నల్లబడ్డ బిందెను చింతపండు పిప్పితో రుద్దితే తళతళలాడుతుంది కదా, మరి ఆ నలుపు ఎటు పోయింది? చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న రాగి ఆక్సైడును కరిగించి నీళ్లలో కలిపేసింది. ఆ నీళ్లు మనం పారబోస్తాం. అదే పని గిన్నె లోపల జరిగితే ఆ నీళ్లే పులుసు!

నాకు బాగా నచ్చేది ఇక్కడి మెలిక. రాగి ఇలాంటి ఆమ్లంలో నేరుగా కరగదు, గాలిలోని ఆక్సిజన్ తోడు కావాలి. ఆక్సిజన్ రాగిని ఆక్సైడు చేస్తుంది, ఆమ్లం ఆ ఆక్సైడును కడిగేస్తుంది, కింద కొత్త రాగి బయటపడుతుంది, మళ్లీ ఆక్సిజన్ వచ్చి పట్టుకుంటుంది, ఇలా సాగుతూనే ఉంటుంది. అందుకే పులుపు నిలవ ఉన్న గిన్నెలో పులుసూ గాలీ కలిసే అంచు గీత దగ్గర పచ్చటి చిలుము కనబడుతుంది. ఇంటర్ ల్యాబులో గ్లూకోజు లాంటి చక్కెరల్ని గుర్తించడానికి వాడిన నీలి ఫెహ్లింగ్ ద్రావణంలో రాగి అయాన్లు అడుగుకు దిగిపోకుండా పట్టి ఉంచేది కూడా ఈ టార్టారిక్ ఆమ్లపు లవణమైన టార్టరేటే. పాఠం చెప్పేటప్పుడు పులుసు గిన్నె ఊసెత్తితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

మన గోదావరి వాళ్లకేమో పులుసు మర్నాటికే రుచి. రాత్రంతా నానితే రాగి ఇంకా దిగుతుంది, మోతాదు మించితే కడుపునొప్పి, వాంతులు. తాగే నీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇత్తడిలో పెరుగు తోడు పెట్టొద్దని అమ్మమ్మలంటే చాదస్తం అనేశాం గానీ అది చాదస్తం కాదు, పెరుగులోనూ లాక్టిక్ ఆమ్లం ఉంది. రాత్రి రాగి చెంబులో పోసిన మంచినీళ్లలో బ్యాక్టీరియా చస్తుందన్నదీ నిజమే. ఆ చెంబులో నిమ్మరసం మాత్రం పిండకండి.

కళాయి అంటే తగరం పూత. గిన్నెను కాల్చి నవాసాగరం (అమ్మోనియం క్లోరైడు) చల్లితే అది వేడికి విడిపోయి, అందులోంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడు రాగి ఆక్సైడును తినేస్తుంది. శుభ్రమైన లోహం మీద కరిగిన తగరాన్ని దూదితో తిప్పితే అతుక్కుపోతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద మరిచిపోకూడదు, పోపు వేరే మూకుడులో వేసుకోవాలి. పులుసు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, భయం లేదు. స్టీలు పీచుతో మాత్రం తోమొద్దు.

నన్ను టెన్షన్ పెట్టేది ఆ తగరంలో కల్తీ చేసే సీసం. తగరం ఖరీదు, సీసం చవక, పైగా రెండూ కలిపితే 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, పని సులువు. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పూత వేయించేటప్పుడు పక్కనే ఉండి తగరం కడ్డీని వంచి చూపించమనండి. మంచి తగరం వంగుతూ కిర్రుమంటుంది, సీసం పాలు పెరిగేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోతుంది. ఇది పక్కా పరీక్ష కాదు, కాబట్టి ఏమాత్రం అనుమానం ఉన్నా ఆ గిన్నె పక్కన పెట్టేసి పులుసు మట్టి దాకలో పెట్టుకోండి.